మూడో పిడి

డిసెంబరు 2

నా ఉద్యోగం గురించి మా ఇంట్లో మూడు అభిప్రాయాలున్నాయి. మూడూ తప్పే.

అమ్మ దృష్టిలో ఇది నీడపట్టున కూర్చునే పని. నిన్న పక్కింటావిడతో, "మా హైమ పెదలాకుల దగ్గర బొమ్మలు చూసి టిక్కులు పెడతాదండి, ఎండా లేదు వానా లేదు" అంటుంటే విన్నాను. నాన్నకి నేను లోపల్లోపల కుమిలిపోతున్నానని అనుమానం. నేను గదిలోకి రాగానే వార్తలు కట్టేసి, "తిన్నావా తల్లీ" అని జబ్బుమనిషిని అడిగినట్టు అడుగుతారు. అక్క మొగుడికి నేనొక వేళాకోళం. "మరదలితో మర్యాదగా ఉండండర్రా, ఆవిడకి కోపమొస్తే ఒక్క నొక్కు చాలు" అంటాడు బావ, ఇంటికి ఎవరొచ్చినా.

నేను సుఖపడటమూ లేదు, కుమిలిపోవడమూ లేదు. ఈ ఎనిమిది నెలల్లో నేను ఔనన్నది రెండేసార్లు, ఆ రెండూ మనుషుల్లేని తెప్పలు, లాకు తలుపులు పగలగొట్టడానికి ఎవరో పేలుడు సరుకు కట్టి వదిలినవి. మిగతా అన్నిటికీ కాదనే అన్నాను. ఇది ఇంట్లో చెప్పడానికి వీల్లేదు. స్టేషన్ పుస్తకంలో నిర్ణయానికీ సమయానికీ తప్ప చోటు లేదు. అందుకే ఈ నోటుబుక్కు.

ఉదయం ఏడుకి కుర్చీ తుడుచుకుంటాను. పిడులకి వేలితో నూనె రాస్తాను, సముద్రపు గాలికి తుప్పు పడతాయి కాబట్టి. తర్వాత తెర మీద పది పరీక్ష బొమ్మలొస్తాయి: గేదె, డ్రమ్ము, పడవ, తేలుతున్న తాటిదుంగ. నేను మెలకువగా ఉన్నానో లేదో చూడటానికి. అవి అయ్యాక, సముద్రాన్ని గట్టు ఇవతలికి రాకుండా ఆపే లాకుల ముందు నీళ్ళలో తిరిగే గస్తీలు రెండూ నాతో మాట్లాడటం మొదలుపెడతాయి. గస్తీ పడవలో మనిషి ఉండడు. ఎవరి వెంట పడాలి, ఎవరిని వదలాలి, ఎక్కడ గురిపెట్టాలి, అన్నీ అదే చూసుకుంటుంది. కాల్చే ముందు మాత్రం ఒడ్డునున్న మనిషిని అడగాలి. చట్టం అలా రాశారు. అలా అడిగించుకునే మనిషిని నేను.

నాలాంటి వాళ్ళం ముగ్గురం, మూడు గదుల్లో. ఒక్కొక్కరికి మూడు పిడులు. కుడిది ఔను, ఎడమది కాదు, మధ్యది చూస్తున్నా. మధ్యదాన్ని ఎవరూ ముట్టుకోరు. పన్నెండు సెకన్లలో తేల్చాలని శిక్షణలో చెప్పారు, ఎవరి సగటు ఎంతో గోడ మీద బోర్డులో వేస్తారు కూడా.

డిసెంబరు 5

పది గంటల పద్నాలుగు నిమిషాలకి కేసు వచ్చింది. దిగువ నుంచి ఒక పంటు.

పంటంటే రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచినది. సముద్రం పైకొచ్చి దిగువ మండలాలు మునిగాక అక్కడ మిగిలినవాళ్ళు పశువుల్నీ, పెళ్ళివాళ్ళనీ, ఇంటి తలుపుల్నీ కూడా దాని మీదే దాటిస్తారు. తూర్పు దిబ్బల మీద వాళ్ళ పశువులున్నాయి. మా లాకుల ముందు నుంచి తప్ప అక్కడికి దారి లేదు. ఈ పంటు మీద గడ్డిమేటు ఉంది, రెండు నిలువుల ఎత్తు.

గస్తీ తన కారణం రాసింది: మేటు లోపల అరవై ఒక్క డిగ్రీల వేడి. గడ్డికి అంత వేడి ఉండదు. లోపల ఇంజను గానీ పేలుడు సరుకు గానీ దాచి ఉండవచ్చు. లాకు తలుపులకి దూరం ఎనిమిది వందల మీటర్లు. కాల్చవచ్చునా?

వేడి సంగతి నాకు అర్థం కాలేదు. అరవై ఒకటి నిజంగానే ఎక్కువ. కానీ మేటు మీద ఒకావిడ కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని తల దువ్వుకుంటోంది. దువ్వెన పళ్ళతో పట్టుకుని, రెండు చేతులా జుట్టు వెనక్కి తిప్పి ముడి వేసుకుంది. చచ్చిపోవడానికి వెళ్ళేవాళ్ళు ముడి అంత శ్రద్ధగా వేసుకుంటారా అనిపించింది. ఇది సాక్ష్యం కాదని తెలుసు. పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేస్తారు. అయినా ఎడమ పిడి లాగాను. తొమ్మిది సెకన్లు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి నాన్న వార్తలు కట్టేశారు. తిన్నావా తల్లీ అన్నారు.

డిసెంబరు 6

మధ్యాహ్నం ముగ్గురం వెనక వరండాలో కూర్చుని తింటాం. కేసుల గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదని నియమం. కానీ పేరంటాలు గారు ఏ నియమాన్నీ అన్నాల దగ్గరికి రానివ్వరు. ఆవిడకి యాభై ఐదేళ్ళు, ముప్పై ఏళ్ళు పాడి చేశారు. ఈ కుర్చీలోకి చీటీలో పేరొచ్చి వచ్చారు. దొరబాబు గారు కూడా అలాగే వచ్చారు, అంతకు ముందు బస్సు కండక్టరు. అన్నీ చదువుకున్నవాళ్ళే ఉంటే లోకం తెలియదని ముగ్గురిలో ఇద్దరిని చీటీ తీసి తెస్తారు. నేనొక్కదాన్నే పరీక్ష రాసి వచ్చాను.

ఇవాళ ఆవిడ పనసపొట్టు కూర తెచ్చారు. నాకు వడ్డిస్తూ అన్నారు:

"నిన్న నాకో పంటొచ్చిందే అమ్మాయ్. ఆ మహాతల్లి మేటెక్కి తల దువ్వుకుంటంది. కింద తుపాకీ ఎక్కుపెట్టి ఉందని దానికేం తెల్సు."

"ఎన్నింటికండీ?"

"పదీ పావు అయ్యుంటది. లోపల ఏడి ఉందంట. ఉండదా మరి? తుఫానుకి తడిసిన గడ్డి ఆరబెట్టకుండా మేటేత్తే నాలుగో రోజుకి లోపల చెయ్యెట్టలేం. మా మరిది మేటు ఎవరూ అంటించకుండానే బూడిదైపోయింది. ఈ మిషనుకి పాడి తెలీదు, దానికెవరు చెప్తారు. కాదనేశాను."

"నేనూ కాదనే అన్నానండి. పది పద్నాలుగుకి."

"అదేంటే, నువ్వు కాదన్నాక మళ్ళీ నన్నెందుకడిగింది?"

ఇద్దరం ఒకేసారి దొరబాబు గారి వైపు చూశాం. ఆయన నమలడం ఆపేశారు.

"ఆడమనిషా?" అన్నారు. "నాకు చూపిచ్చిందాంట్లో ఆడమనిషి లేదండి. ఎనక నుంచి తీసిన బొమ్మ. మేటు, లోపల ఏడి, ఎదురుగా లాకు తలుపులు. అంతే."

"ఏం లాగేవయ్యా?" అన్నారు పేరంటాలు గారు.

ఆయన క్యారేజీ మూత పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించారు. మర పడలేదు.

"కుడిది," అన్నారు.

కాదన్నాక కేసు తెర మీంచి పోతుంది, తర్వాత ఏమైందో నాకు కనపడదు; ఆ కబురు వరండా కడిగే మనిషి చెప్పింది. నిన్న మునిగిన పంటు మీద ఇద్దరున్నారట. మొగమనిషి శవం దొరికింది. ఆవిడ దొరకలేదు. మేటులో ఏదీ పేలిన చప్పుడు రాలేదట, గడ్డి మాత్రం నీళ్ళంతా పరుచుకుందట.

డిసెంబరు 7

గడ్డి ఇవాళ లాకు తలుపుల దాకా వచ్చింది. పనివాళ్ళు గేలపు కర్రలతో లాగి గట్టు మీద వేస్తున్నారు. పసుపురంగు పోలేదు ఇంకా.

సోమయాజులు గారి గదికి వెళ్ళాను. ఆయన మా స్టేషన్ అధికారి. తలుపు వేయమనలేదు, కోప్పడలేదు. కేసు గురించి మాట్లాడుకున్నామని నేనే ఒప్పుకున్నాను.

"నేను కాదన్నాక ఇంకొకరిని ఎందుకు అడిగింది సార్?"

"కాదనేది అభిప్రాయం అమ్మా. ఔననేదే అనుమతి. మనిషి ఔనంటేనే కాల్చాలని చట్టం. కాదంటే ఇంకొకరిని అడగాలని దానికి సవరణ ఉంది."

"ముగ్గురం కాదంటే?"

"ఎగువ స్టేషన్లో ముగ్గురున్నారు."

"దొరబాబు గారికి ఆ ఆడమనిషిని చూపించలేదు."

"అబద్ధం బొమ్మ చూపించిందా?"

"లేదు. వేరే బొమ్మ చూపించింది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఏ మనిషి ఏ బొమ్మకి త్వరగా తేలుస్తాడో అది నేర్చుకుంటుంది. వేగం కోసం అలా కట్టారు దాన్ని. చెడ్డబుద్ధి ఏమీ లేదు." మళ్ళీ పెట్టుకుంటూ అన్నారు: "రెండేళ్ళ క్రితం నీ కుర్చీలో నేనున్నాను. ఊక బస్తాల పడవ ఒకటి వచ్చింది. గస్తీ కాల్చవచ్చునా అంది. మీద ముసలాయన ఒకడు చుట్ట తాగుతున్నాడు. కాదన్నాను. ఆ పడవ చిన్నలాకు తలుపు లేపేసింది. గట్టు కింద పందొమ్మిది మంది పోయారు. మళ్ళీ అడగాలనే సవరణ కోరింది నేనే."

ఆయన అన్నది తప్పు కాదు. చుట్ట తాగే ముసలాయనకీ తల దువ్వుకునే ఆవిడకీ తేడా ఏమిటో నేను చెప్పలేను. మా ఇల్లు కూడా గట్టు కిందే ఉంది, పెదలాకు తలుపు పోతే నీళ్ళు మా వంటింట్లోకి రావడానికి పావుగంట చాలు.

తడిగడ్డి సంగతి రాసి ఇచ్చాను. పై ఆఫీసుకి పంపుతానన్నారు. గస్తీకి కొత్త పాఠాలు ఆరు నెలలకొకసారి నేర్పుతారు. వచ్చేది మే నెలలో. తడిసిన గడ్డి దిబ్బలకి చేరడం సంక్రాంతిలోపు అయిపోతుంది. ఇంకా పంటులు వస్తాయి, వారానికి రెండో మూడో.

డిసెంబరు 10

దొరబాబు గారు నాలుగు రోజులుగా సగటు బోర్డు వైపు చూడటం లేదు. మామూలుగా ఆయనదే మొదటి పేరు. భోజనాల దగ్గర అడిగాను, మనం ముగ్గురం అన్నిటికీ కాదంటూ పోతే ఏమవుతుందని.

"ఎగువోళ్ళకి పోద్ది," అన్నారు. "ఆళ్ళెవరో, ఆళ్ళకేం చూపిస్తదో. మనం కాదంటే మన చేతిలోంచి జారిపోతందంతేనండి."

ఆయన చెప్పిందే నేను మూడు రోజులుగా కాగితం మీద వేసి చూస్తున్నాను. ఒక్కొక్కరు పదికి తొమ్మిదిసార్లు కాదనేవాళ్ళయినా, ఆరుగురిని వరసగా అడిగితే దాదాపు సగంసార్లు ఎవరో ఒకరు ఔనంటారు. ఇందులో కుట్రేమీ లేదు, డిగ్రీ రెండో సంవత్సరం లెక్క.

ఇవాళ ఉదయం ఇంకోటి జరిగింది. పేరంటాలు గారి గదిలోంచి "ఓరి నీ దుంపతెగ, ఎక్కడ పడిందే" అని కేక. ఆవిడ కళ్ళజోడు కుర్చీ కిందకి జారింది. సరిగ్గా అప్పుడే కేసొచ్చింది. కళ్ళజోడు లేకుండా ఏ పిడి ఏదో కనపడక, పడిపోకుండా ఊతం కోసం మధ్యది పట్టుకుని వంగి వెతికారు. నాలుగు నిమిషాలు. కళ్ళజోడు దొరికాక చూస్తే తెర మీద ఇలా ఉందట: చూస్తున్నారు. వేచి ఉన్నాను.

"చెయ్యి తీసే లోపు ఆ పంటు లాకులు దాటెల్లిపోయిందే అమ్మాయ్. కేసు మూసేసింది. మళ్ళీ నాకు రాలేదు, నీకు రాలేదు, ఈయనకీ రాలేదు."

"ఏముందండీ పంటు మీద?"

"గడ్డే. ఇంకేముంటది."

నేను అన్నం వదిలేసి వెళ్ళి నియమాల పుస్తకం తీశాను. మధ్య పిడి గురించి రెండే వాక్యాలు. మనిషి ఆలోచిస్తున్నంతసేపు ఆయుధం ఆగాలి. ఆలోచన ముగియకుండా ఆ కేసు మరొకరికి పోరాదు. ఎంతసేపని రాయలేదు. రాసినవాళ్ళకి, మనిషి అంటే పన్నెండు సెకన్లని ఇంకా తెలియదేమో.

చెయ్యి అక్కడే ఉంచితే ఆ గస్తీ అక్కడే కట్టేసినట్టు నిలబడుతుంది. ఉన్నవి రెండు. ఒకటి అలా నిలబడితే మిగతా నీళ్ళంతటికీ కాపలా రెండోదొక్కటే.

డిసెంబరు 13

తొమ్మిది నలభైకి వచ్చింది. గడ్డిమేటు, అరవై నాలుగు డిగ్రీలు, ఏడు వందల మీటర్లు. మీద లుంగీ కట్టిన ఒక మనిషి, రెండు దూడలు. దూడలు మేటునే పీక్కు తింటున్నాయి.

మధ్య పిడి పట్టుకున్నాను.

మొదటి నిమిషం ఏమీ అనిపించలేదు. మూడో నిమిషానికి పంటు ఆగిపోయింది. ఆటు తీస్తోంది, అడుగు బురదకి తగిలినట్టుంది. దాటిపోతుందనుకున్నది దాటలేదు. ఏడు వందల మీటర్ల దూరంలో, లాకు తలుపులకి ఎదురుగా, అలా నిలబడిపోయింది. పేల్చాలనుకునే వాళ్ళకి అంతకన్నా మంచి చోటు ఉండదు. అప్పుడు పందొమ్మిది మంది గుర్తొచ్చారు. చెయ్యి చెమట పట్టింది. నూనె రాసిన పిడి జారుతోంది.

తొమ్మిదో నిమిషానికి సోమయాజులు గారు నా వెనక నిలబడ్డారు. కేసు నడుస్తుండగా మనిషి చేతిని ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"లోపల ఏముందో నీకు తెలుసా?"

"తెలియదండి."

"తెలియకుండా గస్తీని కట్టేశావు."

"తెలుసుకుని చెప్తానండి. ఎవరినైనా పంపండి."

"ఎవరిని? నీళ్ళ మీదకి మన మనిషి దిగి నాలుగేళ్ళయింది. అందుకే కదా ఇవన్నీ."

పక్క గదిలోంచి పేరంటాలు గారు: "దాంట్లోకి ఓ ఇనప చువ్వ దోపితే తెల్సిపోద్దండి. గడ్డయితే మెత్తగా దిగుద్ది, ఆవిరొస్తది. ఇంకోటైతే టంగుమంటది. దీనికి మిషనెందుకు?"

మూడో గది తలుపు చప్పుడయింది.

"నేనెల్తానండి," అన్నారు దొరబాబు గారు. "నా కుర్చీ కాసేపు ఖాళీ అని రాసుకోండి."

"టంగుమంటే ఏం చేస్తావయ్యా?" అన్నారు సోమయాజులు గారు.

"అప్పుడు హైమగారికి తెలుస్తది కదండి."

తలుపుల దగ్గర చెత్త తీసే పడవ ఉంది. దాంట్లో ఆయన, పొడుగాటి చువ్వ ఒకటి. తెర మీద ఆయన చిన్నగా కనపడ్డారు. గస్తీ ఆయన మీద కూడా గురి తిప్పి, గుర్తుపట్టి, మళ్ళీ తిప్పుకుంది. పంటు మీది మనిషి మొదట రెండు చేతులూ పైకెత్తాడు. తర్వాత ఏవో మాటలయ్యాయి. తర్వాత దూడల్ని పక్కకి లాగి చోటిచ్చాడు. దొరబాబు గారు చువ్వని ఒక వైపు దించారు, రెండో వైపు దించారు, చుట్టూ తిరిగి ఇంకో నాలుగు చోట్ల. ప్రతిసారీ తెల్లగా ఆవిరి లేచింది.

నలభై ఆరు నిమిషాలకి రేడియోలో ఆయన గొంతు: "గడ్డేనండి. చువ్వ ముట్టుకుంటే చెయ్యి కాలింది." ఎడమ పిడి లాగాను. చట్టం ప్రకారం గస్తీ ఇప్పుడు పక్క కుర్చీని అడగాలి. కానీ సోమయాజులు గారు తన తాళంతో కేసు మూసేశారు. ఆ అధికారం ఆయనకుందని ఇవాళే తెలిసింది.

దొరబాబు గారు వచ్చి వరండాలో కూర్చున్నారు. అరిచేతిలో బొబ్బ. పేరంటాలు గారు పెరుగు రాశారు.

"ఆ పంటు మనిషి ఏం మాట్లాడాడండీ?" అన్నాను.

"అయిదో తారీకు పంటు ఆళ్ళ ఊరిదేనంట," అన్నారు. "ఆవిడ పేరు చెప్పాడు." పేరు మాకు చెప్పలేదు. మేము అడగలేదు.

డిసెంబరు 14

ఉత్తర్వు వచ్చింది. సోమవారం నుంచి మధ్య పిడికి ఇరవై సెకన్లు. ఆ తర్వాత కేసు దానంతటదే పక్క కుర్చీకి పోతుంది. మార్పు కాబట్టి స్టేషన్లోని ముగ్గురూ సంతకం పెట్టాలి. ఒక్కరు పెట్టకపోయినా ఆ స్టేషన్ మనుషులున్న స్టేషన్ కింద లెక్క కాదు. మనుషులు లేని చోట గస్తీ కాల్చకూడదు, వేరే స్టేషన్ని అడగనూ కూడదు. కొత్త మనిషిని ఎంచి, శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టడానికి నెల.

సోమయాజులు గారు కాగితం చదివి వినిపించి, నన్నొక్కదాన్నే ఉండమన్నారు.

"నిన్న గడ్డి. రేపు ఊక బస్తాలు కావచ్చు. నెల రోజులు ఈ లాకుకి తుపాకీ ఉండదు."

"తుపాకీ ఉండదు. మనుషుల్ని పెట్టండి సార్. పడవ, చువ్వ. దొరబాబు గారు మళ్ళీ వెళ్తానన్నారు."

"నెలంతా చువ్వతో కాపలా కాస్తారా?"

"ముందు అలాగే కాసేవాళ్ళు కదండీ."

"ముందు పోయేవాళ్ళు కూడా." ఆయన కిటికీలోంచి గట్టు మీద ఆరుతున్న గడ్డి వైపు చూశారు. "మీ ఇల్లెక్కడమ్మా?"

"గట్టు కిందేనండి. మూడో వీధి."

ఆయన సంతకం పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆయన స్థానంలో ఉంటే నేను ఏమనేదాన్నో నాకు తెలియదు. పంటులో నిజంగా పేలుడు సరుకు వస్తే, నెలలో ఒక్కటి వచ్చినా చాలు, తప్పు నాది. దాన్ని దొరబాబు గారి మీదకీ ఎగువ వాళ్ళ మీదకీ తోయడానికి ఉండదు. కానీ పద్ధతి ఇలాగే సాగితే తప్పు ఎవరిదీ కాదు. ఆరుగురిలో ఒకరి ఇరవై సెకన్లది. నన్ను అడిగినట్టు కాగితం మీద ఉండాలి కాబట్టి అడుగుతారు, నా జవాబు నచ్చేదాకా ఇంకొకరి దగ్గరికి పోతారు. ఆ పనికి నా పేరు ఇవ్వలేను.

సాయంత్రం ఇంట్లో అన్నీ చెప్పాను. కేసుల గురించి చెప్పకూడదు, అయినా చెప్పాను. నెల రోజులు మెరకలో ఉన్న పిన్ని ఇంటికి వెళ్ళి ఉండమన్నాను. నాన్న పై అరలోంచి ట్రంకుపెట్టె దించారు.

"కోళ్ళనేం చెయ్యమంటావే?" అంది అమ్మ.

"తీసుకెళ్ళండి."

"పిన్ని ఒప్పుకోదు."

"ఒప్పించు."

బావ గుమ్మంలో నిలబడి విన్నాడు. వేళాకోళం ఆడలేదు. "నీ ఒక్కదాని సంతకంతో ఏమవుద్ది?" అన్నాడు.

"ఆగుద్ది," అన్నాను.

వాళ్ళు రేపు వెళ్తారు. నేను ఇక్కడే ఉంటాను, మూడో వీధిలో. సోమవారం ఏడుకి స్టేషన్‌కి వెళ్తాను. కాగితం మీద సంతకం పెట్టను.